సముద్రం అడుగున ఉద్యోగం – మీ చెవులు ఒప్పుకుంటాయా?

ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు బల్ల మీదికి వారం వారం ఎన్నో రకాల ఫారాలు వస్తుంటాయి. కానిస్టేబులు ఉద్యోగానికి, డ్రైవింగు లైసెన్సుకు, అమరనాథ్ యాత్రకు – అన్నిటికీ మనిషి ఆరోగ్యంగా ఉన్నాడని ఒక సంతకం కావాలి. కొన్నేళ్లుగా వీటిలో మరో ఫారం చేరింది. స్కూబా డైవింగ్ నేర్చుకోబోయేవారి ఆరోగ్య పత్రం అది. తెచ్చేవాళ్లు ఇరవై, పాతికేళ్ల పిల్లలు. అబ్బాయిలే కాదు, అమ్మాయిలూ ఉంటారు. ఇంజనీరింగు చదివి ఏదో కంపెనీలో చేరి విసిగిపోయినవారు కొందరు. అండమానుకో, గోవాకో విహారానికి వెళ్లి, గైడు చెయ్యి పట్టుకుని ఒక్కసారి నీటిలో మునిగి వచ్చి, ఇక ఇదే నా బతుకుతెరువు అని నిశ్చయించుకున్నవారు మరికొందరు. వెంట వచ్చిన తల్లిదండ్రులు మాత్రం సంతకం పెట్టమనాలో, పెట్టవద్దనాలో తెలియక నిలబడి ఉంటారు.

ఈ వృత్తి వద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. చక్కగా చేసుకుంటున్నవారు ఉన్నారు. అయితే ఒక సంగతి మొదటే గ్రహించాలి. సంవత్సరానికి రెండుసార్లు సరదాకు మునిగే మనిషి వేరు, రోజుకు రెండు మూడుసార్లు చొప్పున నెలల తరబడి మునిగే మనిషి వేరు. మొదటివాడికి ఆ రోజు జలుబు చేస్తే ఒడ్డున కూర్చుని కొబ్బరిబోండాం తాగుతాడు. రెండోవాడికి జలుబు చేస్తే ఆ రోజు సంపాదన పోతుంది. అపాయం చాలాసార్లు అక్కడే మొదలవుతుంది. కనుక నాకు ఇష్టమేనా అన్న ప్రశ్నతో పాటు నా శరీరం దీన్ని రోజూ భరించగలదా అన్న ప్రశ్న కూడా వేసుకోవాలి. ఆ రెండో ప్రశ్నకు జవాబు కోర్సుకు డబ్బు కట్టకముందే తెలుసుకోవచ్చు.

నీరు శరీరాన్ని ఏం చేస్తుంది?

స్కూబా అంటే గాలి సిలిండరు వీపుకు కట్టుకుని, దాని గొట్టం నోట పెట్టుకుని నీటి అడుగున తిరగడం. నేటి పరికరానికి మూలం 1943లో ఫ్రాన్సులో జాక్ కూస్తో అనే నౌకాదళ అధికారి, ఎమిల్ గాన్యాన్ అనే ఇంజనీరు కలిసి తయారుచేసింది. సిలిండరులో ఉండేది ఆక్సిజన్ అని చాలామంది అనుకుంటారు. కాదు. సాధారణంగా అందులో ఉండేది మనం పీల్చే గాలే. దాన్ని బాగా కుదించి నింపుతారు.

ఒడ్డున మన మీద ఒక వాతావరణం ఒత్తిడి ఉంటుంది. సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకూ అంతే ఒత్తిడి అదనంగా చేరుతుంది. అంటే 10 మీటర్ల దగ్గర రెండింతలు, 30 మీటర్ల దగ్గర నాలుగింతలు. శరీరంలో అధికభాగం నీరే కాబట్టి కండరాలకూ, ఎముకలకూ ఆ బరువు తెలియదు. తంటా అంతా గాలి నిలిచి ఉండే చోట్లతోనే. చెవి లోపలి గది, ముక్కు చుట్టూ ఉండే సైనస్‌లు, ఊపిరితిత్తులు, ఒక్కోసారి సరిగా పూడ్చని పుచ్చిపన్ను కూడా. ఒడ్డున ఊదిన బుడగను 10 మీటర్ల కిందికి తీసుకుపోతే సగానికి సగం అవుతుంది. అక్కడ ఊదిన బుడగను పైకి తెస్తే రెండింతలవుతుంది. డైవింగులో వచ్చే ముఖ్యమైన జబ్బులు చాలావరకు ఈ ఒక్క సూత్రం నుంచి పుట్టినవే.

అన్నిటికంటే ఎక్కువగా దెబ్బ తినేది చెవి. తిరుమల కొండ దిగేటప్పుడు చెవులు దిబ్బళ్లు వేయడం మీలో చాలామందికి అనుభవమే. గుటక వేస్తే, ఆవలిస్తే టప్పున విడిపోతాయి. కొండ మీదినుంచి తిరుపతి వరకు అంత ఘాటు రోడ్డు దిగినా, ఒత్తిడిలో వచ్చే మార్పు ఒక మీటరు నీటి లోతు కంటే తక్కువే! స్కూబా నేర్చుకునేవారు మొదటి కోర్సులోనే 18 మీటర్ల వరకు దిగుతారు. ఇక మీరే ఊహించుకోండి.

గొంతు వెనుక భాగం నుంచి చెవి లోపలికి యూస్టేకియన్ నాళం అనే సన్నటి గొట్టం ఉంటుంది. దిగేటప్పుడు దాని గుండా చెవి లోపలికి గాలి పంపుతూ ఉండాలి. ముక్కు వేళ్లతో నొక్కి, నోరు మూసి, మెల్లగా ఊదడం అందుకు వాడే పద్ధతుల్లో ఒకటి. నొప్పి రాకముందే, ప్రతి మీటరుకూ ఇలా చేయాలి. నొప్పి వచ్చాక బలంగా ఊదితే నాళం ఇంకా బిగుసుకుంటుంది, కర్ణభేరి చిరగవచ్చు. అంతకంటే ఘోరం, లోపలి చెవిలోని పలుచటి పొర చిట్లి శాశ్వతంగా చెవుడు, చెవిలో హోరు, తల తిరుగుడు మిగిలిపోవచ్చు. కర్ణభేరి చాలామందికి కొన్ని వారాల్లో మానుతుంది. లోపలి చెవి అలా కాదు.

జలుబు చేసినప్పుడు ఆ నాళం వాచి మూసుకుపోతుంది. ఆ రోజు దిగకూడదు. ఇంతవరకు అందరికీ తెలుసు. కాని పడవలో పదిమంది పర్యాటకులు ఎదురుచూస్తుంటే, యజమాని ముఖం చూసి, ముక్కులో చుక్కలు వేసుకుని దిగే గైడులుంటారు. ఆ చుక్కల మందు కింద ఉండగానే ప్రభావం తగ్గిపోయిందంటే, దిగడానికి దారి ఇచ్చిన నాళం ఎక్కడానికి దారి ఇవ్వదు. వ్యాకోచించిన గాలి చెవిలో చిక్కుకుపోతుంది. గాలి అయిపోతున్నా పైకి రాలేని స్థితి అది.

మన దేశంలో మరో చిక్కు ఉంది. చిన్నప్పుడు చెవిలో చీము కారినవారు మన ఇళ్లలో తక్కువేం కాదు. అది తగ్గిపోయిందని మరచిపోతారు, కాని కర్ణభేరికి చిల్లు అలాగే మిగిలి ఉండవచ్చు. ఆ చిల్లు గుండా చన్నీళ్లు లోపలికి పోతే ఒక్కసారిగా కళ్లు తిరిగి, ఏది పైనో ఏది కిందో తెలియకుండా పోతుంది. పదిహేను మీటర్ల లోతున అలా జరగడం ప్రాణాంతకం. చిల్లు ఉన్నవారు దిగరాదు. ఆపరేషన్ చేయించుకుని పూర్తిగా మానినవారి సంగతి చెవి, ముక్కు, గొంతు నిపుణుడు పరీక్షించి తేల్చాలి. చెవి ఎముక తొలిచే పెద్ద ఆపరేషన్ అయినవారికి ఈ వృత్తి తగదనే నా అభిప్రాయం.

గజ ఈతగాడికి ఒక హెచ్చరిక

గోదావరి ఒడ్డున, కృష్ణ ఒడ్డున పుట్టిన పిల్లలు ఊపిరి బిగబట్టి అడుగంటా వెళ్లి మట్టి తెచ్చి చూపిస్తారు. మావాడికి ఈతలో తిరుగులేదు, వాడికి భయమేమిటని తల్లిదండ్రులు అంటారు. ఈత రావడం మంచిదే, అవసరం కూడా. కాని ఊపిరి బిగబట్టే ఆ అలవాటే స్కూబాలో ప్రాణం మీదికి తెస్తుంది. ఎందుకో చెబుతాను. ఒడ్డున గాలి పీల్చి మునిగినవాడి ఊపిరితిత్తులు కింద కుంచించుకుపోయి, పైకి వచ్చేసరికి మొదటి పరిమాణానికే వస్తాయి. స్కూబా మనిషి అలా కాదు. అతను అడుగున ఉండగానే, ఆ ఒత్తిడిలోనే గుండెనిండా గాలి పీలుస్తాడు. ఆ ఊపిరి బిగబట్టి పైకి వస్తే లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తి చిట్లుతుంది. గాలి బుడగలు రక్తంలో కలిసి మెదడుకు చేరితే నీటి పైకి వచ్చిన కొద్ది నిమిషాల్లోనే పక్షవాతం, స్పృహ తప్పడం, ఒక్కోసారి మరణం. మీటరు, మీటరున్నర లోతు ఈత కొలనులో కూడా ఇలా జరిగిన సందర్భాలు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి. ఎప్పుడూ ఊపిరి ఆపవద్దు అన్నది అందుకే స్కూబాలో మొదటి పాఠం.

గాలి బయటికి రావడానికి ఊపిరితిత్తుల్లో అన్ని దారులూ తెరిచి ఉండాలి. ఉబ్బసం ఉన్నవారిలో ఆ దారులు మూసుకుంటాయి. పరుగెత్తినా, చల్లగాలి తగిలినా, ఆందోళన కలిగినా ఆయాసం వచ్చేవారు దిగకూడదు. సిలిండరు నుంచి వచ్చేది చల్లని, పొడి గాలి. ఎదురు ప్రవాహంలో ఈదడం శ్రమ. కొత్తవాడిని కాపాడవలసి వస్తే ఆందోళన – మూడూ ఒకేచోట ఉన్నాయి. చిన్నప్పుడు వచ్చి, ఏళ్ల తరబడి కనిపించని ఉబ్బసమైతే ఊపిరి పరీక్షలు, శ్రమ చేయించి చేసే పరీక్షలు చూసి నిర్ణయించవచ్చు. క్షయ వచ్చి నయమైనవారిలో మచ్చలు, బొరియలు మిగిలి గాలి చిక్కుకోవచ్చు. వారికి ఛాతీ ఎక్స్‌రే, అవసరమైతే స్కాను చూడకుండా నేను సంతకం పెట్టను. కరోనాలో ఊపిరితిత్తులు బాగా దెబ్బతిని ఆసుపత్రిలో పడినవారికీ ఇదే మాట. ఊపిరితిత్తి దానంతట అదే చిట్లి కూలిపోయే జబ్బు ఒకటుంది. పొడుగ్గా, సన్నగా ఉండే కుర్రవాళ్లలో ఎక్కువ. అది ఒక్కసారి వచ్చినవారు కూడా ఈ ఆలోచన మానుకోవాలి.

గోలీసోడా సంగతి

గోలీసోడా కొట్టగానే బుడగలు పొంగుతాయి. ఒత్తిడిలో నీటిలో కరిగి ఉన్న వాయువు, ఒత్తిడి తగ్గగానే బయటికి వస్తుంది. మనం పీల్చే గాలిలో అధికభాగం నత్రజని. లోతున ఉన్నంతసేపూ అది రక్తంలో, కొవ్వులో, కీళ్లలో కరుగుతూ ఉంటుంది. మెల్లగా పైకి వస్తే ఊపిరితో పాటు పోతుంది. తొందరపడితే శరీరమే సోడాసీసా అవుతుంది. భుజాలు, మోకాళ్లలో నొప్పి, చర్మం మీద దురద, మచ్చలు, విపరీతమైన అలసట, తిమ్మిరి. బుడగలు వెన్నుపామును తాకితే కాళ్లు పడిపోతాయి, మూత్రం బంధిస్తుంది.

డైవర్ల కంటే ముందు వంతెన కూలీలు అనుభవించిన జబ్బు ఇది. న్యూయార్కులో బ్రూక్లిన్ వంతెన పునాదులు తవ్వినప్పుడు నది అడుగున ఒత్తిడి గాలి నింపిన పెట్టెల్లో పనిచేసినవారు దీని బారిన పడ్డారు. ఆ వంతెన ప్రధాన ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగ్ 1872లో ఈ జబ్బుతోనే మంచం పట్టాడు. 1883లో వంతెన ప్రారంభమయ్యే వరకు ఇంటి కిటికీ నుంచే పని చూసుకున్నాడు. నత్రజని బుడగలే కారణమని ఫ్రాన్సులో పాల్ బేర్ 1878లో వివరించాడు. ఎంత లోతున ఎంతసేపు ఉంటే ఎంత నెమ్మదిగా పైకి రావాలో, మేకల మీద ప్రయోగాలు చేసి 1908లో ఇంగ్లండులో హాల్డేన్ పట్టికలు ప్రకటించాడు. ఇప్పుడు డైవర్ల చేతి గడియారం వంటి చిన్న కంప్యూటరు ఆ లెక్క వేస్తుంది. లెక్క తప్పక పాటించినా ఒక్కోసారి జబ్బు రావచ్చు. ఒంట్లో నీరు తక్కువైనవారికి, బాగా అలసినవారికి, రాత్రి తాగి పొద్దున దిగేవారికి ప్రమాదం ఎక్కువ.

వృత్తిగా చేసేవారికి ఇందులో ప్రత్యేకమైన చిక్కు ఉంది. పర్యాటకుడు ఒకసారి దిగి, ఒకసారి ఎక్కుతాడు. శిక్షకుడు ఒక్కొక్క విద్యార్థినీ పైకి తీసుకువచ్చి, మళ్లీ దిగి, మరొకరిని తీసుకువస్తాడు. ఒకే రోజులో ఇన్ని ఎక్కుదిగుళ్లు బుడగలకు అనుకూలం. పైగా సాయంత్రం భుజం నొప్పి పుడితే, సిలిండర్లు మోసిన నొప్పేలే అని మాత్ర వేసుకుని పడుకుంటాడు. ఖాళీ సిలిండరే దాదాపు 14 కిలోలుంటుంది కాబట్టి ఆ అనుమానం సహజమే. కాని డైవ్ తర్వాత వచ్చిన ఏ కొత్త నొప్పినీ, తిమ్మిరినీ బుడగల జబ్బు కాదని తేలేవరకు అదేనని అనుకోవాలి. వెంటనే స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇవ్వాలి. తర్వాత ఒత్తిడి గదిలో పెట్టి, 18 మీటర్ల లోతుకు సమానమైన ఒత్తిడితో మొదలుపెట్టి దాదాపు ఐదు గంటలు చికిత్స చేయాలి. అలాంటి గది ప్రతి ఊళ్లో ఉండదు. అండమానులో శ్రీ విజయపురంలో, అంటే 2024 వరకు పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన ఊళ్లో, నౌకాదళం వారి ధన్వంతరి ఆసుపత్రిలో ఉంది. మీరు పనిచేయబోయే దీవి నుంచి ఒత్తిడి గదికి ఎన్ని గంటల ప్రయాణమో, పడవలో ఆక్సిజన్ ఉంటుందో లేదో, జీతం ఎంత అని అడిగేటప్పుడే అడగండి.

డైవ్ చేశాక విమానం ఎక్కడానికి కూడా వ్యవధి కావాలి. ఒక్కసారి దిగినవారు కనీసం 12 గంటలు, రోజుకు చాలాసార్లు లేదా వరసగా కొన్ని రోజులు దిగినవారు కనీసం 18 గంటలు ఆగాలి. కొండ ఎక్కడమూ ఈ కోవలోదే. విశాఖ రుషికొండలో ఉదయం డైవ్ చేసి, మధ్యాహ్నం అరకు బయలుదేరే సరదా మంచిది కాదు. కర్ణాటకలో మురుడేశ్వర్ దగ్గర నేత్రాణి దీవికి వెళ్లి, అదే రోజు ఘాటు రోడ్డెక్కి హైదరాబాదు తిరిగివచ్చేవారు కూడా ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఇంకా ఎవరికి తగదు?

మూర్ఛ జబ్బు ఉన్నవారు దిగరాదు. ఒడ్డున వచ్చిన మూర్ఛకు పక్కవాళ్లు పట్టుకుంటారు. నీటి అడుగున నోటిలోని గొట్టం జారిపోతే అంతే. ఇన్సులిన్ తీసుకునే షుగరు రోగులు కొందరు కఠినమైన నియమాలతో సరదాకు దిగుతున్న మాట నిజమే, కాని నలుగురి ప్రాణాలకు పూచీపడే ఉద్యోగం అంతకంటే పెద్ద విషయం. గుండెజబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవారు ముందు వైద్యం చేయించుకోవాలి. నలభై దాటి ఈ రంగంలోకి వచ్చేవారు గుండె పరీక్షలు తప్పక చేయించుకోవాలి. డైవింగు మరణాల్లో గుండెపోటు వాటా తక్కువేం కాదు. ఇక తల్లి కడుపులో ఉన్నప్పుడు గుండె పై గదుల మధ్య తెరిచి ఉండే కిటికీ, నలుగురిలో ఒకరికి పెద్దయ్యాక కూడా పూర్తిగా మూసుకోదు. దానికి అందరూ భయపడనక్కరలేదు. కారణం లేకుండా బుడగల జబ్బు వచ్చినవారికి మాత్రం ఆ పరీక్ష చేయిస్తాం.

ఆడపిల్లలకు ఇది సరిపడదేమోనని తల్లులు అడుగుతుంటారు. మగపిల్లలకు ఎంత సరిపడుతుందో వీరికీ అంతే. బహిష్టు రోజులు అడ్డంకి కాదు. గర్భిణులు మాత్రం దిగకూడదు. ఇదే బతుకుతెరువైన అమ్మాయికి ఆ నెలలన్నీ సంపాదన ఆగిపోతుంది కనుక, ఒడ్డున చేసే పని యజమాని ఇస్తాడా అన్నది ముందే తెలుసుకోవాలి. కళ్లద్దాలు ఉన్నవారు దిగులుపడనక్కరలేదు. పవరు అద్దాలతో ముఖతొడుగులు దొరుకుతాయి.

ఉద్యోగం మాట

మొదటి కోర్సు మూడు నాలుగు రోజుల్లో అయిపోతుంది. అది కేవలం దిగడానికి అర్హత, ఉద్యోగానికి కాదు. దాని తర్వాత 30 మీటర్ల వరకు దిగే కోర్సు, ఇతరులను కాపాడే కోర్సు, ఆపైన డైవ్‌మాస్టర్. పాడీ అనే అంతర్జాతీయ సంస్థ లెక్క ప్రకారం డైవ్‌మాస్టరుకు 18 ఏళ్లు నిండాలి, శిక్షణ పూర్తయ్యేసరికి 60 డైవ్‌లు చేసి ఉండాలి, శిక్షకుడు కావడానికి 100 ఉండాలి. ఏడాది లోపు తీసుకున్న వైద్యుడి సంతకం కూడా కావాలి. అన్నిటికీ ఫీజులు విడివిడిగా ఉంటాయి. నా సలహా అడిగితే, మొదటి కోర్సు చేసి, ఒక సీజను ఏదైనా కేంద్రంలో చిన్న పని చేస్తూ ఉండి చూడండి. సిలిండర్లు మోయడం, పడవ కడగడం, ఎండలో నిలబడడం, చెవి గొట్టంలో మాటిమాటికీ వచ్చే పుండ్లు, భయపడి మీ గొట్టం లాగే పర్యాటకుడు – ఇవన్నీ ఆ కొద్ది నెలల్లో తెలిసిపోతాయి. అప్పటికీ ఇష్టం తగ్గకపోతే పై కోర్సులకు డబ్బు కట్టండి. వానాకాలంలో మన తీరాల్లో, దీవుల్లో చాలాచోట్ల పని మందగిస్తుంది. ఆ నెలలు ఎలా గడుస్తాయో లెక్క వేసుకోవాలి. చదువు మధ్యలో వదిలేసి వెళ్లడం నేను ఒప్పుకోను.

2019లో గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిన పడవను వెలికితీసినప్పుడు విశాఖ నుంచి వచ్చిన డైవర్లు నీటిలో దిగిన సంగతి పత్రికల్లో చదివే ఉంటారు. అలాంటి పనులు, సముద్రంలో చమురు బావుల దగ్గరి పనులు వేరే శాఖ. పర్యాటక స్కూబా సర్టిఫికెట్టుతో ఆ ఉద్యోగాలు రావు. వాటికి వేరే శిక్షణ, ఏటేటా కఠినమైన వైద్య పరీక్ష ఉంటాయి. లోతున ఎక్కువసేపు పనిచేసేవారిలో తుంటి, భుజం ఎముకల తలలు రక్తం అందక చచ్చుబడే జబ్బు కూడా ఉంది.

బీమా సంగతి చాలామంది చూడరు. మన ఆరోగ్య బీమా పాలసీల్లో సాహస క్రీడల్లో వృత్తిరీత్యా పాల్గొనేవారి చికిత్స ఖర్చు ఇవ్వబోమని ఒక మినహాయింపు సాధారణంగా ఉంటుంది. స్కూబా పేరు అందులో స్పష్టంగానే ఉంటుంది. ఇంట్లో అందరికీ కలిపి తీసుకున్న పాలసీ ఉంది కదా అని ధీమాగా ఉండవద్దు. డైవర్లకు ప్రత్యేక బీమా ఉంది. అది ఎవరు కడతారో ఉద్యోగంలో చేరకముందే తేల్చుకోండి.

చివరగా ఆ ఫారం గురించి. అందులో ప్రశ్నలకు జవాబులు రాయవలసింది మీరు. "అవును అని రాస్తే చేర్చుకోరట డాక్టరుగారూ, అన్నీ కాదనే పెట్టేద్దాం" అని కొందరు నన్నే అడుగుతారు. అవును అన్నంత మాత్రాన తిప్పి పంపరు. వైద్యుడు ఆ విషయం పరీక్షించి చెప్పాలని మాత్రమే దాని అర్థం. అలా పరీక్షించి నేను అనుమతించినవారు చాలామంది ఉన్నారు. ఏ డాక్టరుకు చూపించినా చిన్ననాటి చెవి జబ్బు, ఉబ్బసం, క్షయ, మూర్ఛ, ఆపరేషన్లు, ఇప్పుడు వాడుతున్న మందులు – నిద్రమాత్రలు, మనోవ్యాధి మందులతో సహా – అన్నీ చెప్పండి. పాత ఎక్స్‌రేలు, ఆపరేషను కాగితాలు ఉంటే తెచ్చుకోండి. చిన్ననాటి సంగతులు అమ్మకే బాగా గుర్తుంటాయి కాబట్టి ఆవిడను వెంట తీసుకురండి. జలుబు ఉన్న రోజున పరీక్షకు రావద్దు. ముక్కు మూసి ఊదినప్పుడు కర్ణభేరి కదులుతున్నదో లేదో చూడాలి, అది జలుబులో సరిగా తెలియదు. వారం ఆగి రండి.